ఇస్మత్ చుగ్తాయ్ నవ్వు ఏమైంది?

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ సాహిత్య పేజీలో ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ‘లిహాఫ్’ (రజాయి) కథ 1942లో అచ్చు కావడం, దాని మీద లాహోరు కోర్టులో అశ్లీలత కేసు నడవడం, ఎంతమంది నచ్చజెప్పినా ఆమె క్షమాపణకు ఒప్పుకోకపోవడం, అన్నీ సరిగానే రాశారు. కానీ వ్యాసం ఆసాంతం వెతికినా ఆవిడ ఒక్కసారి నవ్వినట్టు కనపడదు. ‘ధిక్కారం’, ‘నిప్పుకణిక’, ‘కన్నీటి పోరాటం’ వంటి మాటలే వరుసకట్టి ఉన్నాయి. అదే కేసు గురించి ఆమె తన జ్ఞాపకాల పుస్తకం ‘కాగజీ హై పైరహన్’లో ఎలా చెప్పుకున్నారో చదివినవారికి ఈ ముఖం ముడుచుకున్న గౌరవం వింతగా తోస్తుంది.

1944 డిసెంబరులో బొంబాయిలోని వారింటికి పోలీసు ఇన్‌స్పెక్టరు సమన్లు తెచ్చిన ఘట్టాన్నే తీసుకోండి. ఇంట్లో రెండు నెలల పసిబిడ్డ ఉంది, పాలసీసా పని నడుస్తోంది. కాగితం మీద తనకు ఎదురుపక్షంగా ‘క్రౌన్’ అని ఉండడం చూసి, చక్రవర్తిగారికి నా మీద ఫిర్యాదు ఏమిటండీ, పాపం దావా దాకా వచ్చారు అని ఆమె పకపకా నవ్వారు. ఇది వేళాకోళం కాదని ఇన్‌స్పెక్టరు గద్దిస్తే, సమన్లు తీసుకోనన్నారు. తీసుకోకపోతే అరెస్టు చేయాల్సి వస్తుందంటే, జైలు చూడాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక, తీసుకెళ్లండి, ఇంతకీ బేడీలు తెచ్చారా అని అడిగారు. బెదిరించడానికి వచ్చిన మనిషికి ఎదుటివాళ్లు బెదరకపోతే చేతిలో మిగిలేది ఒక కాగితం ముక్కే. సంతకం పెట్టడానికి భర్త, స్నేహితులు ఆమెను ఒప్పించవలసి వచ్చింది. తరువాత లాహోరు ప్రయాణం గురించి చెబుతూ, అంత అందమైన ఊరు చూసే అవకాశం ఇప్పించినందుకు ఇంగ్లాండు రాజుగారికి ఆమె కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు.

ఈ నేర్పు కోర్టుకు వెళ్లాక వచ్చింది కాదు. ఆమె ఎదుర్కొన్న మొదటి అధికారి కన్నతండ్రే. ఆయనా ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసినవారే. వంట నేర్చుకోకపోతే అత్తవారింట్లో ఏం పెడతావమ్మా అని ఆయన అడిగితే, మొగుడు పేదవాడైతే ఇద్దరం కిచిడీ వండుకు తింటాం, డబ్బున్నవాడైతే వంటమనిషిని పెట్టుకుంటాం అని పిల్ల జవాబు. అలీగఢ్‌లో చదివించనంటే టాంగా ఎక్కి స్టేషనుకు పోతాను, వచ్చిన రైలు ఎక్కి ఏదో ఒక ఊళ్లో దిగి మిషన్ బడి ఎక్కడుందో కనుక్కొని క్రైస్తవంలో చేరి చదువుకుంటాను అని ఆమె దారీతెన్నుతో సహా వివరించేసరికి, ఆయన దిగిరాక తప్పలేదు. చదువు కోసం ఇంట్లో పోరాడిన ఆడపిల్లల కథలు మనకు చాలా ఉన్నాయి గానీ, ఆ పోరాటాన్ని ఇంత పకడ్బందీగా, తండ్రి మీద ద్వేషం లేకుండా, నవ్వు తెప్పిస్తూ చెప్పినవి తక్కువ.

ఇక కోర్టు. కథలో అశ్లీలమైన మాట ఏదో చూపమంటే సాక్షులు తడుముకున్నారు. చివరికి ఒకాయన, అమ్మాయిలు ‘ప్రేమికులను పోగేసుకోవడం’ అన్న మాట పట్టుకున్నాడు. ఇందులో ఏది బూతు, ‘ప్రేమికులు’ అన్నదా, ‘పోగేసుకోవడం’ అన్నదా అని ఇస్మత్ తరఫు వకీలు అడిగాడు. మంచి అమ్మాయిలు అలా చేయడం తప్పని సాక్షి సర్దుకున్నాడు. అయితే మంచివాళ్లు కానివారు చేస్తే తప్పు లేదన్నమాట అని వకీలు లాగాడు. మర్యాదగల ఇంటి చదువుకున్న స్త్రీ అటువంటివారి గురించి రాయడం నింద్యం అని సాక్షి గర్జిస్తే, తనివితీరా నిందించుకోండి, దానికి చట్టంతో పని లేదు అని వకీలు ముగించాడు. కేసు అక్కడే వీగిపోయింది. ఇందులో ఇస్మత్ ఎవరినీ తిట్టలేదని గమనించాలి. పెద్దమనుషుల మాటలను ఉన్నవున్నట్టు మన ముందు పెట్టి, తాను పక్కకు తప్పుకున్నారు. తరువాత న్యాయమూర్తి ఆమెను పక్కగదిలోకి పిలిచి, మీ కథల్లో అశ్లీలత లేదు గానీ, మరో ఉర్దూ రచయిత మంటో రాతల్లో మురికి చాలా ఉందన్నారు. లోకంలోనూ చాలా ఉంది కదా అన్నారీమె. దాన్ని కెలకడం అవసరమా అంటే, కెలికితేనే కనబడుతుంది, కనబడితేనే కడగాలని తోస్తుంది అన్నారు. ఆయనకూ నవ్వొచ్చిందట.

నవ్వించారు కాబట్టి ఆమెకు కష్టం తెలియలేదని నేను అనడం లేదు. బూతు ఉత్తరాలు వచ్చిపడ్డాయనీ, ఈ కథ మూలంగా భర్త షాహిద్ లతీఫ్‌తో కాపురమే యుద్ధభూమి అయిందనీ ఆమే రాశారు. ఆ తరువాత తాను ఏం రాసినా ‘లిహాఫ్’ బరువు కింద నలిగిపోయిందని కూడా వాపోయారు. మీ వ్యాసంలో ‘టేఢీ లకీర్’ నవలకు ఒక్క వాక్యమే దక్కడం చూస్తే, ఆ వాపోవడంలో అతిశయోక్తి లేదనిపిస్తుంది.

తెలుగువారికి ఇది పరాయి ముచ్చట కాదు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురిస్తే, ఇదే బ్రిటిషు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ముద్దుపళనిని ఈసడించిన వీరేశలింగంగారికి నాగరత్నమ్మ తన పీఠికలోనే, సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగ కవులకు అక్కర్లేదా అన్న ధోరణిలో జవాబిచ్చారు. ఆయన పరిష్కరించిన కావ్యాలనే ఎత్తి చూపారు. ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (నేటి మాటలో ముఖ్యమంత్రిగా) ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. నాగరత్నమ్మను త్యాగరాజ స్వామికి సమాధి మందిరం కట్టించిన భక్తురాలిగానే తలచుకుంటాం, పీఠికలోని ఆ చురక మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇస్మత్ వర్ధంతి అక్టోబరు 24న వస్తుంది. ఆ వారమైనా మీ పేజీలో ‘లిహాఫ్’ వివాదాన్ని మళ్లీ తిరగరాయకుండా, అనుమతి తీసుకొని, ఆ కోర్టు ఘట్టాన్నో కిచిడీ సంభాషణనో మంచి అనువాదకుల చేత తెలుగు చేయించి వేయవలసిందిగా కోరుతున్నాను. అనువదించేవారు హాస్యం తెలిసినవారైతే మరీ మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు