స్టీరింగ్ ప్లే (వదులు): బాక్సు బిగించే ముందు

సభ్యులందరికీ నమస్కారం.

మెర్సిడెస్ డబ్ల్యూ 123 కారు నెల్లిమర్ల రోడ్డులో నిలకడగా పోవడం లేదని, స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ కదలికను చక్రాల వైపు అందించే గేర్ల పెట్టె) మీది స్క్రూ బిగిస్తే సరిపోతుందని మెకానిక్ చెప్పారని మన సభ్యులొకరు అడిగారు. దయచేసి అప్పుడే దాని మీద చెయ్యి వేయనివ్వకండి.

1976లో వచ్చిన ఈ మోడల్‌లో ఉన్నది రాక్ అండ్ పీనియన్ (చిన్న గేరు పళ్ల కడ్డీని నేరుగా జరిపే పద్ధతి) కాదు, రీసర్క్యులేటింగ్ బాల్ బాక్సు (లోపల మరకు, నట్టుకు మధ్య ఉక్కు గుండ్లు దొర్లే రకం). అందువల్ల చక్రం దాకా కీళ్లు ఎక్కువ, వాటన్నిటి అరుగుదలా కలిసి చేతికి ఒకే ప్లేగా తెలుస్తుంది. గుంత ఉన్న షెడ్డులో కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే మరొకరు కింద నుంచి చూడాలి. ఇంజిన్ ఆపి ఊపితే బాక్సు లోపలి పవర్ స్టీరింగ్ వాల్వు కదలిక కూడా ప్లేలాగే కనిపించి మోసం చేస్తుంది. బాక్సులోకి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి బయటికి వచ్చే చేయి) కదలకపోతే లోపం బాక్సుదే. ఆర్మ్ వెంటనే కదిలి చక్రం ఆలస్యమైతే టై రాడ్ ఎండ్లను (చక్రాన్ని తిప్పే కడ్డీల చివరి కీళ్లు), ఐడ్లర్ ఆర్మ్ (కడ్డీలకు రెండో వైపు ఆధారమిచ్చే చేయి) బుష్‌ను అనుమానించాలి. నా మటుకు మొదటి అనుమానం ఆ బుష్ మీదే. రబ్బరు చిట్లి, ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంటే ఇక సందేహం అక్కర్లేదు.

స్క్రూ అతిగా బిగిస్తే మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, బాక్సులోని గేరు పళ్లూ త్వరగా అరుగుతాయి. పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గినా, దాని పంపు బెల్టు వదులైనా స్టీరింగ్ బరువెక్కుతుంది, శబ్దం వస్తుంది; అది వేరే సంగతి.

చూసినది వీడియో తీసి ఇక్కడ పెట్టగలరు.