అమ్మని అడిగావా బావా?

బావా,

నీ ఉత్తరం మొన్న అందింది. నేను చదివి నీ చెల్లెలికీ వినిపించాను. ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో మనిద్దరం ఒకరి మాట ఒకరం పూర్తిగా విన్నదెప్పుడు? ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. అందుకే పిల్లలు పడుకున్నాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నువ్వు కొందామని చూస్తున్నవి రెండు: పాత పేటలో రెండు గదుల ఫ్లాటు ఒకటి, ఊరి చివర కొత్త కాలనీలో మూడు గదుల ఇల్లు ఒకటి. పెద్దదీ, చవకదీ కూడా రెండోదే. "ఆరేళ్ళ కిందట నువ్వు కొత్త కాలనీకే వెళ్ళావు కదా, మంచిదైందా, నిజం చెప్పు" అన్నావు. నిజమే చెప్తాను. అయితే ఒక్క మాటలో తేల్చమంటే మాత్రం నా వల్ల కాదు.

డబ్బుతో మొదలెడతాను. నన్ను ఇటు లాగింది అదే, ఆ లెక్క తప్పని ఈరోజుకీ అనుకోను. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు తీసుకుంటే, తీరేనాటికి మనం కట్టేది తీసుకున్నదానికి దాదాపు 2.16 రెట్లు. అంటే 100కి 216. ఇప్పుడు ఇల్లు చవక కాబట్టి 100 బదులు 70 తీసుకున్నావనుకో, నెల కిస్తీ మాత్రం 100కి ఎంత కట్టేవాడివో అంతా కట్టు. 20 ఏళ్ళ అప్పు 10 ఏళ్ళ లోపే తీరిపోతుంది. 240 కిస్తీలు కట్టాల్సినవాడివి 118తో బయటపడతావు, మొత్తం కట్టేది 105 చిల్లర. అప్పు తగ్గింది మూడో వంతు కూడా కాదు, కాలం సగమైపోయింది! మొదటిసారి ఈ లెక్క వచ్చినప్పుడు ఎక్కడో పొరపాటు పడ్డాననుకుని మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. పొరపాటేం లేదు. 100 అప్పులో మొదటి కిస్తీలో ఆరో వంతే అసలుకి జమ అవుతుంది, మిగతాదంతా వడ్డీకే. 70 అప్పుకి అదే కిస్తీ కడితే అందులో 40 శాతం పైగా మొదటి నెలనుంచే అసలుని కోస్తుంది.

ఇది కిస్తీ నిజంగా అంతా కట్టినవాడికే సుమా. తేడా డబ్బు కారుకీ, అల్మారాలకీ పోసేస్తే చవక ఇల్లు కొన్న లాభం అక్కడితో సరి. నేను పట్టుబట్టి కట్టాను. ఇంకో నాలుగేళ్ళలో ఇల్లు పూర్తిగా మాదవుతుంది. రాత్రిళ్ళు నాకు నిద్ర పడుతోందంటే అందులో దీని వంతు చాలా ఉంది బావా, దీన్ని తక్కువ చేసి చెప్పను. ముందుగా కడితే అదనంగా ఏమైనా వసూలు చేస్తారేమో మాత్రం సంతకం పెట్టకముందే అడుగు.

ఇక అప్పుడు ఆ లెక్క వేసుకున్న కాగితం మీద నేను రాసుకోనివి చెప్తాను.

ఆఫీసు ఇదివరకటికంటే ఒక్కో వైపు ఇంకో 35 నిమిషాలు దూరమైంది. అప్పుడు అది నాకు ఓ లెక్కలా కనపడలేదు, "పాటలు వింటూ వెళ్తా" అనుకున్నాను. రోజుకి 70 నిమిషాలు, ఏడాదికి 250 పనిదినాలు, కూడితే 290 గంటలు దాటింది. రాత్రీ పగలూ కలిపి 12 రోజులు. మా చిన్నవాడు మాటలు నేర్చుకున్న ఏడాది, నేను ఇల్లు చేరేసరికి సగం రోజులు వాడు నిద్రలో ఉండేవాడు. మార్కెట్టి అని ఇటలీ భౌతికశాస్త్రవేత్త 1994లో ఒక వ్యాసం రాశాడు. మనిషి ఏ కాలంలోనైనా రోజు మొత్తం మీద సుమారు ఒక గంటే ప్రయాణానికి ఇస్తూ వచ్చాడట. నడిచే రోజుల్లో ఊరు చిన్నదిగా ఉండేది, బండ్ల వేగం పెరిగేకొద్దీ ఊరు పెరిగింది గానీ ఆ గంట అలాగే ఉండిపోయిందంటాడు. నా ఒంటికి తెలిసిందీ అదే. గంట లోపున్నన్నాళ్ళు ప్రయాణం చేస్తున్నానన్న ధ్యాసే ఉండేది కాదు. అది రెండు గంటలకి దగ్గరపడ్డాక, వారం చివర ఒక్క రోజు ఊరికే పడుకోవడానికే సరిపోతోంది.

అయినా దీనికి నేను సర్దుకున్నాను. సర్దుకోలేకపోయింది మా నాన్న.

మేం వచ్చేసరికి మా వీధిలో ఇరవై స్థలాలకి ఇళ్ళు ఏడే. రోడ్డింకా మట్టి రోడ్డే. ఎవరికి వాళ్ళు ఇల్లు ఎత్తుగా ఉండాలని మట్టి పోయించుకుని మెరక చేసుకున్నారు. దాంతో అందరికంటే పల్లం రోడ్డే అయింది. మొదటి వానాకాలం ఒక మధ్యాహ్నం నాన్నకి బీపీ మాత్రలు అయిపోయాయి. మందుల షాపు కిలోమీటరున్నర. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ నీళ్ళు. లోతెంతో తెలీదు, కింద కాలవకి తవ్విన గొయ్యి ఎక్కడుందో తెలీదు. ఆ నీళ్ళ అంచున పావుగంట నిలబడి వెనక్కొచ్చేశాడు. నాకు ఫోన్ చేస్తే వచ్చేటప్పుడు తెచ్చేవాణ్ణి, చేయలేదు. ఆ పూట మాత్ర వేసుకోలేదు. ఇదంతా నాలుగు రోజుల తర్వాత పక్కింటావిడ చెప్తేనే నాకు తెలిసింది.

తర్వాత నెలలో, అక్క వాళ్ళింట్లో పది రోజులు ఉండొస్తానని వెళ్ళాడు. అక్కది మన పాత పేటే కదా. నాలుగు నెలలు ఉండిపోయాడు. వెళ్ళి పిలిస్తే "వస్తాలేరా" అనేవాడు. ఆయనకి కావాల్సిందేమీ పెద్దది కాదు. ఉదయం ఓ గంట నడక, దారిలో పేరు పెట్టి పలకరించే నలుగురు, నీడలో కూర్చోడానికో అరుగు.

చెట్ల సంగతీ అంతే. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో ఆస్పత్రి రికార్డులు తీసి చూశాడు. పిత్తాశయం ఆపరేషనైన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు ముందే ఇంటికెళ్ళారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. మా నాన్న కిటికీలోంచి నాలుగేళ్ళు కనిపించింది ఇసక గుట్టా, సెంట్రింగ్ కర్రలూ. నేను వచ్చిన వారమే గేటు పక్కన మొక్క నాటాను. ఇప్పుడది నా కంటే ఎత్తు, కానీ కింద ఒక కుర్చీకి సరిపడా నీడ పడటం మొదలై ఏడాదే అయింది. పాత పేటలో అదే చెట్టు నీకు మొదటి రోజే దొరుకుతుంది. ఎవరో ముప్పై ఏళ్ళ కిందట నాటి, నీళ్ళు పోసి పెంచి ఉంటారు. అక్కడ ధర ఎక్కువంటే గోడలకి కాదు బావా, ఆ ముప్పై ఏళ్ళకి. కాలవలూ, బస్సూ, అర్ధరాత్రి తలుపు కొడితే లేచే డాక్టరూ, అన్నీ ఎవరో ఎదురుచూసి తెచ్చుకున్నవే. కొత్త కాలనీలో ఆ ఎదురుచూపు మన వంతవుతుంది.

మా కాలనీ ఇప్పుడు బాగానే ఉంది, అదీ చెప్పాలి. నాలుగో ఏట రోడ్డు పడింది, కాలవ వచ్చింది. ఇళ్ళు పదహారయ్యాయి. రెండు వీధుల అవతల మందుల షాపుంది. సాయంత్రం కల్వర్టు గట్టు మీద నాన్నతో పాటు ఇంకో ముగ్గురు కూర్చుంటున్నారు. పిల్లలకి ఇక్కడ ఆడుకోడానికున్న చోటు పాత పేటలో కలలో కూడా దొరకదు. అందరం ఒక్కసారే వచ్చినవాళ్ళం కాబట్టి ఒకరికొకరం ఎంత దగ్గరయ్యామో! నీళ్ళ కోసం కలిసి తిరిగాం, దీపాల కోసం కలిసి అర్జీలు పెట్టాం.

కానీ రోడ్డు కోసం చూసిన ఆ నాలుగేళ్ళూ నాకు 36 నుంచి 40. నాన్నకి 70 నుంచి 74. నేను ఇల్లు కొనేటప్పుడు ఈ రెండూ ఒకే నాలుగేళ్ళనుకున్నాను. నాకు ఇంకా గుచ్చుకునేది అదే.

పాత పేట అంటే అన్నీ అమరి ఉంటాయనీ అనుకోకు. అక్క వాళ్ళ ఫ్లాట్లో స్నానాల గదిలో నీళ్ళు దారంలా వస్తుంటే ప్లంబర్ని పిలిచారు. గోడ కొట్టి పాత ఇనప పైపు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. బయటనుంచి చూస్తే మన బొటనవేలంత లావుంది, లోపల తుప్పు పేరుకుపోయి పెన్సిల్ దూరేంత బెజ్జమే మిగిలింది. పైపు లోపలి జింకు పూత అరిగిపోతే జరిగేది అదేనట. ఒక్క గదిలో పైపు మారిస్తే తీరదు, బిల్డింగంతా మార్చాలి, దానికి పన్నెండు ఇళ్ళవాళ్ళూ ఒప్పుకోవాలి. ఇద్దరు ఒప్పుకోక ఏడాదిన్నర సాగింది. కాబట్టి ఆ ఫ్లాటు చూసేటప్పుడు పై అంతస్తు స్నానాల గది కింద మీ సీలింగ్ మీద మరకలున్నాయేమో చూడు. ప్లగ్గులకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్ళి పరీక్ష చేయించు. అన్నిటికంటే ముందు ఆ బిల్డింగులో రిపేర్ల నిధి ఎంతుందో, అందరూ కడుతున్నారో లేదో అడుగు. రంగు వేసి ఉందా లేదా అన్నది నాకు లెక్కే కాదు, కలిసి డబ్బు తీయగలిగే మనుషులున్నారా అన్నదే లెక్క.

కొత్త కాలనీ వాళ్ళు నీకిచ్చిన మ్యాపులో చుక్కల గీతలతో వేసినవన్నీ, అదే, రాబోయే రోడ్డు, రాబోయే బడి, ముందు కొట్టేయ్. ఈరోజు నడుస్తున్నవాటితో ఆ ఇల్లు నీకు చాలితేనే కొను. మంజూరైన ప్లానులో పార్కుకి వదిలిన స్థలం నేల మీద ఎక్కడుందో వెళ్ళి నిలబడి చూడు. మురుగు లైనుందా, సెప్టిక్ ట్యాంకా? బోరు ఎంత లోతు, ఇళ్ళన్నీ నిండాక కూడా ఆ నీళ్ళు చాలుతాయా? ఆ నేల ఇదివరకు చెరువో పల్లమో కాదు కదా? గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఫొటోలు కూడా చూడొచ్చు, నేను ఆ పని చేయకుండా కొన్నాను. చేసుంటే మా వీధి మలుపు దగ్గర నీళ్ళు నిలిచే సంగతి అప్పుడే కనిపించేదేమో.

అయిదేళ్ళకి అమ్ముకుని పోదామన్న ఆలోచన ఉంటే మాత్రం అటు వెళ్ళకు. పక్కనే సరికొత్త ఇళ్ళు దొరుకుతున్నంత కాలం నీ వాడిన ఇంటికి కొనేవాడు సులువుగా దొరకడు. మా వరసలో ఒకాయన ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, రెండేళ్ళుగా తాళం వేసే ఉంది.

సరే, నా మాట అడిగావు కాబట్టి చెప్తాను. నువ్వూ మీ ఆవిడా పాపా ముగ్గురే అయితే రెండో ఆలోచన లేకుండా కొత్త కాలనీకి పొమ్మనేవాణ్ణి. వయసుంది, అప్పు సగం కాలంలో తీర్చుకోవచ్చు, పాప పెద్దదయ్యేసరికి ఆ కాలనీ కూడా తయారవుతుంది. కానీ మీ ఇంట్లో అమ్మ ఉంది. నువ్వు రాసిన నాలుగు పేజీల్లో గదుల కొలతలున్నాయి, పార్కింగుంది, అమ్మ గురించి మాత్రం "అమ్మకి కింద గది ఇస్తాం" అని ఒక్క వాక్యమే ఉంది. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆవిడే కదా బావా. అందుకని నా ఓటు పాత పేటలో రెండు గదులకే. ఇరుకవుతుంది, నిజమే. హాల్లో ఒక మంచం పడుతుంది, పాప చదువుకి బల్ల ఎక్కడ వేయాలా అని వెతుక్కుంటారు. అయినా నా ఓటు అటే.

మనసు కొత్త ఇంటి మీదే ఉంటే, కొనకముందు అక్కడే ఒక వానాకాలం అద్దెకుండి చూడండి. సామాను రెండుసార్లు దించే శ్రమ తప్పదు. మా నాన్నని నేను ముందే అలా తీసుకొచ్చి ఉంటే ఆయనే చెప్పేవాడు.

వచ్చే ఆదివారం నేను ఖాళీ. అమ్మని వెంటబెట్టుకుని రా, ఇద్దరం కలిసి ఆవిణ్ణి రెండు చోట్లకీ తీసుకెళ్దాం. మనం కారు దగ్గరే ఉండిపోదాం. మందుల చీటీ చేతికిచ్చి ఆవిణ్ణి ఒక్కదాన్నే షాపు దాకా వెళ్ళిరమ్మందాం. ఎంతసేపు పట్టిందో, వచ్చాక మొహం ఎలా ఉందో చూద్దాం. నాన్న కూడా వస్తానంటున్నాడు, ఆవిడతో మాట్లాడాలట. పొద్దున్న తొమ్మిదికల్లా వచ్చెయ్, ఎండెక్కకముందే నడిపిద్దాం.

నీ
బావ