ఇంట్లో ఆడే ఆట కారులో ఎందుకు నిలవదు?

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులు దగ్గరపడితే చాలు, పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొద్దన్న సలహా నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. ఇవ్వకుండా ఆరేడు గంటల కారు ప్రయాణం గట్టెక్కేదెలాగో మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. చెప్పేవాళ్ళు కూడా పది ఆటల పేర్లు వరసగా రాసి చేతులు దులుపుకుంటారు. ఆ పేర్లు అందరికీ తెలిసినవే, చిక్కు అక్కడ లేదు. ఇంట్లోనో బడిలోనో ఆడే ఆటను ఉన్నదున్నట్టు కారెక్కిస్తే పావుగంటలో చతికిలబడుతుంది. కారులో ఒకరి ముఖం ఒకరికి కనపడదు. లేచి కదిలే వీలుండదు. తల వంచి చూస్తే కడుపులో తిప్పుతుంది. కిటికీలోంచి కనిపించింది రెండు క్షణాల్లో వెనక్కి పోతుంది. నియమాలను ఈ నాలుగింటికి తగ్గట్టు మార్చుకుంటే అవే పాత ఆటలు గంటలకొద్దీ సాగుతాయి.

అన్నిటికన్నా తేలిక ఆటే తీసుకోండి. ఒకరు ఏదో వస్తువును చూసి మొదటి అక్షరం చెబితే మిగతావాళ్ళు అదేమిటో కనుక్కోవాలి. గదిలో బాగుంటుంది. కారులో 'మ' అనేలోపే ఆ మర్రిచెట్టు దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలేది 'నువ్వు అబద్ధం ఆడావు' అన్న తగవే. అందుకే అనుకునే వస్తువు కారు లోపలిదైనా కావాలి, దూరంగా చాలాసేపు కనిపించే కొండ, మబ్బు లాంటిదైనా కావాలి. బయటి వస్తువులే కావాలంటే ఆటను తిరగేయండి. ముందే ఒక జాబితా అనుకొని, అవి ఎదురైనప్పుడు పట్టుకోవాలి: నీళ్ళ ట్యాంకు, వంతెన, తెల్ల గుర్రం, రోడ్డు రోలరు. ఎనిమిది వస్తువులు చాలు. వాటిలో అయిదు తరచుగా కనపడేవి, రెండు అరుదువి, ఒకటి దాదాపు దొరకనిది ఉంటే ఆట మధ్యలో చప్పబడదు. అన్నీ అరుదువే పెడితే అరగంటకు ఒక్కటీ దొరక్క పిల్లలు వదిలేస్తారు.

రెండో విషయం వినపడటం. ముందు సీట్లో కూర్చున్న పెద్దలు రోడ్డువైపు చూస్తూ మాట్లాడితే, చక్రాల రొదలో, గాలి హోరులో వెనక పిల్లలకు సగం మాటలే చేరతాయి. 'ఏంటి, ఏంటి' అని రెండుసార్లు అడిగి ఊరుకుంటారు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చెబితే తిరిగినవాళ్ళ మెడ పట్టేస్తుంది, కడుపూ తిప్పుతుంది, బెల్టు కూడా ఉండాల్సిన చోట ఉండదు. ఆట నడిపించే మనిషి వెనక సీట్లోనే కూర్చోవాలి. పెద్దవాళ్ళు ఇద్దరున్న కారులో, నడపని వాళ్ళు ఆగిన చోటల్లా ముందుకూ వెనక్కూ మారితే సరిపోతుంది. కథలు స్పీకర్లో వినిపించేవాళ్ళు శబ్దాన్ని వెనక స్పీకర్లకు మళ్ళించాలి. దారిలో సిగ్నల్ పోతుంది కాబట్టి వాటిని ముందే దించి పెట్టుకుని, ఫోన్‌ను బోర్లా పెట్టేయాలి.

మాటల గొలుసు ఆట మన భాషలో ఎక్కడ ముడిపడుతుందో ఆడినవాళ్ళకు తెలుసు. చివరి అక్షరంతో కొత్త మాట మొదలుపెట్టాలి కదా. బహువచనం ఏదన్నా వస్తే చాలు, 'లు' దగ్గర ఆగిపోతుంది. లుంగీ అయిపోయాక ఇంకేముంది? 'వీణ' అంటే 'ణ'తో, 'కళ' అంటే 'ళ'తో మొదలయ్యే మాట ఎవరికీ తట్టదు. బయలుదేరే ముందే నాలుగు నియమాలు అనుకోండి. బహువచనాలు చెల్లవు. గుణింతం పట్టించుకోనక్కర్లేదు, 'డు' వస్తే డబ్బా, డోలు, డేరా ఏదైనా సరే. సున్నాతో ముగిస్తే దాని ముందున్న హల్లు తీసుకోవాలి, 'పుస్తకం' తర్వాత 'క'. ణ, ళ వస్తే ఒక అక్షరం వెనక్కి వెళ్ళాలి, 'వీణ' తర్వాత 'వ'. ఇక ఒత్తులు మిగిలాయి. 'రాత్రి' తర్వాత 'త' తీసుకోవాలా, 'ర' తీసుకోవాలా అన్నది ఏదో ఒకటి ముందే తేల్చుకోండి. ఏది తేల్చారన్నది ముఖ్యం కాదు, ఆట మధ్యలో తేల్చడం మాత్రం కుదరదు. అప్పటికి ఎవరికి ఏది లాభమో తెలిసిపోయి ఉంటుంది.

అవును, కాదు అనకూడని ఆట కూడా ఇలాంటిదే. ఒకరు నిమిషం పాటు ప్రశ్నలు గుప్పిస్తారు, రెండోవాళ్ళు ఆ రెండు మాటలూ వాడకుండా జవాబివ్వాలి. మన పిల్లలు 'ఊఁ', 'ఉహూఁ', 'లేదు' అంటూ సునాయాసంగా తప్పించుకుంటారు. తల ఊపడంతో సహా అన్నీ నిషేధిస్తేనే ఆట అవుతుంది. పది పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు నిషిద్ధాక్షరి ఇంకా బాగుంటుంది: ఫలానా అక్షరం రాకుండా నిమిషం మాట్లాడాలి. 'బ'తో మొదలుపెట్టండి, తర్వాత 'క'కు వెళ్ళండి. 'ల' నిషేధిస్తే బహువచనాలు చాలావరకు పోతాయి కాబట్టి పెద్దవాళ్ళే తడబడతారు. 'న' మరీ కష్టం. నేను, నువ్వు, నాకు, నీకు ఏవీ దొరకవు.

ఒకరు మనసులో అనుకున్నదాన్ని అవును, కాదు జవాబుల ప్రశ్నలతో కనుక్కునే ఇరవై ప్రశ్నల ఆటలో పిల్లలు మొదటి ప్రశ్నకే 'ఏనుగా?' అని పేర్లు అడుగుతారు. ఇరవై పేర్లు అయిపోతాయి, విసుగొస్తుంది. మిగిలిన వాటిని సగానికి కోసే ప్రశ్న ఎలా అడగాలో ముందు అంకెలతో నేర్పించండి. 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకొని '50 కంటే పెద్దదా?' దగ్గర మొదలుపెడితే ఎప్పుడైనా 7 ప్రశ్నల్లో దొరికితీరుతుంది. ఏడుసార్లు సగం చేస్తే 128 వాటిలోంచి ఒకటి తేలుతుంది కాబట్టి. అదే లెక్కన 20 ప్రశ్నలకు పది లక్షలు దాటుతుంది. ఆ కిటుకు ఒకసారి అందితే 'ప్రాణం ఉన్నదా? చేతిలో పట్టేదా?' అని వాళ్ళే అడగడం మొదలుపెడతారు.

లెక్కలంటే ఇష్టపడే పిల్లలుంటే రోడ్డే పలక. మన ముందు పోయే బండి నంబరులోని అంకెలన్నీ ఒక్కోసారి వాడి 10 చేయాలి. 3, 7, 2, 4 అయితే ఏడూ నాలుగూ పదకొండు, మూడు తీస్తే ఎనిమిది, రెండు కలిపితే పది. 1111 లాంటివి కుదరవు, వాటిని వదిలేయొచ్చు. సెకన్ల ముల్లున్న చేతిగడియారం ఉంటే వేగం కొలవొచ్చు. కిలోమీటరు రాయి నుంచి రాయికి 45 సెకన్లు పడితే 3600ను 45తో భాగించాలి, 80 వస్తుంది. రాళ్ళ మధ్య దూరం అన్నిచోట్లా ఒక్కలా ఉండదు. అందువల్ల అయిదు రాళ్ళ దూరానికి కలిపి కొలిస్తే నయం: 5 కిలోమీటర్లకు 225 సెకన్లయితే అదే 80. వచ్చిన జవాబు స్పీడోమీటరు చూపించేదానికంటే కాస్త తక్కువగా ఉంటే పిల్లల లెక్క తప్పనుకోకండి. ఆ మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదన్న జాగ్రత్తతో కొంచెం ఎక్కువ చూపేలానే తయారవుతుంది.

'ఇంకెంత దూరం?' అన్న ప్రశ్నకు నోటితో జవాబు చెప్పి గెలిచినవాళ్ళు లేరు. చేతికి ఒక పట్టీ ఇవ్వాలి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున అట్టముక్క కత్తిరించి, 10 కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున గళ్ళు గీయండి. 360 కిలోమీటర్ల ప్రయాణానికి 36 గళ్ళు. దారిలో వచ్చే పెద్ద నదులు, ఊళ్ళు, ఆగే చోట్లు వాటి గళ్ళలో రాసి, బట్టల క్లిప్పు ఒకటి తగిలించండి. బయలుదేరేటప్పుడు, ఆ ప్రయాణంలో నడిచిన దూరం చూపే ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చి, నడపని వాళ్ళెవరైనా పదికొకసారి కేక వేస్తే పిల్లలు క్లిప్పును ఒక గడి జరుపుతారు. కిలోమీటరు రాళ్ళను చూసి జరపమంటే గందరగోళమవుతుంది. వాటి మీద ఉండేది తర్వాతి ఊరి దూరం, మీరు దిగాల్సిన ఊరిది కాకపోవచ్చు. ఘాట్ రోడ్డు, రద్దీ ఉన్న ఊరు ఉన్న గళ్ళకు ముందే వేరే రంగు వేసి, అక్కడ క్లిప్పు నెమ్మదిగా నడుస్తుందని చెప్పి ఉంచండి. లేకపోతే పట్టీనే తప్పుపడతారు.

ఓడినవాళ్ళు బయటికి వెళ్ళిపోయే ఆటలు కారుకు పనికిరావు. 'అవుట్' అయిన పిల్లవాడు వెళ్ళడానికి చోటేదీ ఉండదు. పక్కవాళ్ళను గిల్లడం తప్ప వేరే పనీ ఉండదు. పాయింట్లు కారులో అందరివీ కలిపి లెక్కపెట్టండి: తర్వాత ఆగేలోపు మనమంతా కలిసి యాభై తెచ్చుకోగలమా అని. వయసుల్లో తేడా ఎక్కువున్నచోట చిన్నవాళ్ళు అయిదు తెస్తే చాలు, పెద్దవాళ్ళు పది తేవాలన్న లెక్క పెట్టుకోవచ్చు.

తలో వాక్యం కలుపుతూ కథ చెప్పుకోవడం వినడానికి బాగుంటుంది గానీ, అయిదారు వాక్యాలకే ఎవరో ఒకరు కథానాయకుణ్ణి చంపేస్తారు. ఇంకొకరు వెంటనే బతికిస్తారు. ఆపైన ఎవరికీ పట్టదు. మొదట మూడు సంగతులు అందరూ కలిసి ఖాయం చేయండి: ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం. వాక్యం కాదు, ఒక్కొక్కరికి రెండు కిలోమీటర్ల దూరం ఇవ్వండి. ప్రతివాళ్ళూ 'సరిగ్గా అప్పుడే...' అని ఆపాలి. చివరి వంతు ఎవరిదో ముందే చెప్పండి. చంపడం, పెళ్ళి చేయడం లాంటి అధికారాలు వాళ్ళకే.

చేతిలో పట్టుకునే సామాను ఎంత తక్కువైతే అంత మంచిది. వాహనం కదలికను చెవి లోపలి భాగం పసిగడుతుంది, కళ్ళు మాత్రం ఒళ్ళో కదలని బొమ్మను చూస్తుంటాయి. ఈ రెండూ పొసగకే వాంతులు. రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఇది ఎక్కువ. ఆవలింతలు, ఉన్నట్టుండి మాట తగ్గిపోవడం, ముఖం పాలిపోవడం, చెమట, ఇవి కనపడగానే చేతిలోది తీసేసి దూరంగా ముందుకు చూడమనాలి, కిటికీ కాస్త దించాలి. బొమ్మలు వేయడం, పుస్తకం చూడటం తిన్నని రోడ్డు మీద పదీ పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. మలుపుల్లో అసలొద్దు.

పెన్సిళ్ళలో మూడు పలకలవి కొనండి, దొర్లవు. ములుకు మొద్దుగా ఉన్న లావుపాటి రంగులు ఇంకా మేలు, గట్టి బ్రేకు పడినా గుచ్చుకోవు. మైనం రంగులు మాత్రం ఎండలో ఆపిన కారులో వదిలేస్తే కరిగి సీటుకు అంటుకుపోతాయి. అయస్కాంతం బొమ్మలకు స్టీలు పళ్ళెం ఆధారంగా పెట్టేవాళ్ళున్నారు. కొన్ని రకాల స్టీలుకు అయస్కాంతం అంటదు, అల్యూమినియానికి అసలే అంటదు, ఇంట్లోనే చూసుకోవాలి. అంచులు గట్టిగా ఉన్న పళ్ళెం పిల్లల పొట్ట దగ్గర పెట్టడం కూడా మంచిది కాదు. గుండీల్లాంటి శక్తిమంతమైన చిన్న అయస్కాంతాలు కారులోకే రానివ్వొద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. మూడేళ్ళ లోపు వాళ్ళకు నాలుగు సెంటీమీటర్ల కంటే చిన్నదేదీ ఇవ్వకూడదు. బెలూన్లు, ఈలలు ఎందుకొద్దో నడిపేవాళ్ళను అడిగితే చెబుతారు. కింద పడినదాన్ని తీసుకోవడానికి పిల్లలు బెల్టు విప్పేస్తారు. 'పడితే తర్వాతి ఆగే చోటు దాకా లేదు' అన్న నియమానికి మినహాయింపు ఉండకూడదు.

నడిపేవాళ్ళు మాటల ఆటల్లో చేరొచ్చు. కళ్ళతో ఆడేవాటిలోకి, తీర్పు చెప్పే పనిలోకి లాగొద్దు. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, నంబరు ప్లేటు కోసం రెండు సెకన్లు పక్కకు చూస్తే 44 మీటర్లు చూడకుండా నడిపినట్టే. ఓవర్‌టేక్ చేసేటప్పుడు, కూడళ్ళలో, వాన పడుతున్నప్పుడు వాళ్ళు 'ఆపు' అంటే ఎక్కడి మాట అక్కడ ఆగాలి. నిద్రొస్తున్న వాళ్ళను ఆటతో మేల్కొలిపి ఉంచుదామనుకోవడం ప్రమాదం. కారు ఆపి పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయనివ్వాలి. రెండు గంటలకొకసారి ఎలాగూ ఆగాలి. అప్పుడు పిల్లలను పరుగెత్తనివ్వండి, అక్కడ కూర్చోబెట్టి ఆడించకండి.

బయలుదేరిన మొదటి ముప్పావుగంట ఏమీ మొదలుపెట్టొద్దు. కిటికీయే చాలు. ఆ తర్వాత కూడా ఇరవై నిమిషాల ఆటకు అరగంట ఊరకుండటం సరిపోతుంది. ఊసుపోక కూర్చునే పిల్లలను చూసి పెద్దలే కంగారుపడుతుంటారు. పిల్లలకు బాగా నచ్చే ఆటను చివరి గంటకు దాచండి. ఆ గంటలోనే అందరి ఓపికా అయిపోతుంది.

చివరిగా ఒక మనవి. సెలవుల ముందు వారం మీ పిల్లల పేజీలో, కత్తిరించుకుని అట్టకు అంటించుకునేలా గళ్ళ పట్టీ ఒకటి ముద్రించండి. పేజీ వెడల్పు చాలకపోతే 20 గళ్ళ చొప్పున రెండు ముక్కలుగా వేసి, అతికించుకోవడానికి ఒక చివర సెంటీమీటరున్నర ఖాళీ వదలండి. ఊళ్ళ పేర్లు వద్దు, గళ్ళు ఖాళీగానే ఉండనివ్వండి. తిరుగు ప్రయాణంలో కుడి నుంచి ఎడమకు జరుపుకునేలా గళ్ళ కింద అంకెలు రెండో వైపు నుంచి కూడా వేస్తే అదే పట్టీ రెండుసార్లు పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు