నాలుగున్నర నెలలుగా పలకని మీ సంస్థకు ఒక పాత పడవ యజమాని ఫిర్యాదు

కాకినాడ,
24 నవంబరు 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, విశాఖపట్నం.

విషయం: జులై 7న మరమ్మతుకు ఇచ్చిన, నా పడవ ఇంజనును సముద్రపు నీటితో చల్లబరిచే ఉప్పునీటి పంపు, దాని గురించి ఇంతవరకు రాని జవాబు.

అయ్యా,

ఇంతకు ముందు మీ సంస్థకు ఆరు ఈమెయిళ్లు రాశాను. ఇరవై మూడు సార్లు ఫోను చేశాను. ఒకసారి స్వయంగా వచ్చి మీ ఆఫీసులో కూర్చున్నాను. అవన్నీ ఎవరి బల్ల దగ్గర ఆగిపోయాయో తెలియదు కాబట్టి ఈసారి స్పీడ్ పోస్టులో నేరుగా మీకే పంపుతున్నాను. మీరు తెలుగువారు, ఈ తీరంలోనే వ్యాపారం పెంచుకున్నవారు. నా బాధ తెలుగులోనే చెబితే సూటిగా తగులుతుందని తెలుగులోనే రాస్తున్నాను.

నేను మీకు కొత్తవాణ్ని కాను. ఓడల ఇంజను గదుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చాక, 2011లో కొచ్చిలో ఒక తెరచాప పడవ కొన్నాను. 1984లో ఫైబర్‌తో కట్టిన ముప్పై ఒక్క అడుగుల పడవ. పాంబన్ వంతెన తెరుచుకునే దాకా రెండు రోజులు లంగరు వేసుకొని ఎదురుచూసి, తీరం వెంబడి కాకినాడ తెచ్చుకున్నాను. పేరు ‘గౌతమి’. ఆ ఏడాది నుంచి ఇంజను ఫిల్టర్లు, రబ్బరు రెక్కల ఇంపెల్లర్లు, తుప్పు పట్టకుండా అడుగున బిగించే జింకు దిమ్మలు, నాచు పట్టకుండా వేసే రంగు, అన్నీ మీ దగ్గరే కొన్నాను. 2019లో తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలన్నీ మార్చినప్పుడు, చెన్నైలో తక్కువకు దొరుకుతాయని తెలిసి కూడా మీ దగ్గరే తీసుకున్నాను. ఇక్కడి వేట బోట్ల యజమానులు కనీసం పది మందిని మీ దుకాణానికి పంపాను. పద్నాలుగేళ్ల బిల్లులు ఒక అట్ట ఫైలులో దాచుకున్నాను. ఒక్క బిల్లు కూడా బాకీ లేదు.

ఇక జరిగింది చెబుతాను. ఉప్పునీటి పంపు మెడ కింద బియ్యపు గింజంత రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే సముద్రపు నీరు ఇంజను ఆయిల్‌లో కలవకుండా అక్కడి నుంచి బయటికి కారాలి. జులై మొదటి వారంలో ఇంజను మూత తీసి చూస్తే ఆ రంధ్రం కింద తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. దాని కిందున్న ఇనుప పట్టీ మీద వేలెడు పొడుగు తుప్పు చార. గుడ్డతో తుడిచి, ఇంజను నడిపి, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి పదకొండు చుక్కలు. అక్కడితో ఇంజను ఆపేశాను.

జగన్నాథపురంలో నాకు తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు. రెండు సీళ్లు, ఒక బేరింగు మార్చి రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. కంపెనీ సీళ్లు, కంపెనీ చెయ్యి ఉంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదని అన్నాను. మీ మీద నాకు అంత నమ్మకం. జులై 7న పంపు ఊడదీసి, పాత చొక్కా గుడ్డలో చుట్టి, చెక్క పెట్టెలో పెట్టి మీకు పంపాను. 4,800 రూపాయలు ముందుగా కట్టించుకున్నారు. పది రోజుల్లో వస్తుందన్నారు.

పది రోజులు గడిచాయి. పదిహేనో రోజున ఫోను చేశాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అన్న రికార్డును పంతొమ్మిది నిమిషాలు విన్నాక ఒక అబ్బాయి పలికాడు. ఫిర్యాదు నంబరు ఇస్తానన్నాడు. ఇచ్చాడు. వారం తర్వాత అదే నంబరు చెబితే, అది తమ దగ్గర కనబడటం లేదని, కొత్తగా నమోదు చేసుకోవాలని ఇంకొకరు అన్నారు. ఈ నాలుగు నెలల్లో నాకు మొత్తం ఐదు ఫిర్యాదు నంబర్లు వచ్చాయి. ఐదింటికీ ఐదుగురు వేర్వేరు మనుషులు. ఒకరికి చెప్పింది మరొకరికి తెలియదు. ప్రతిసారీ పంపు అంటే ఏమిటో, అది ఎందుకు కారుతుందో, నేనెవరో మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఆగస్టు 19న మాట్లాడిన వ్యక్తి నా వాహనం రిజిస్ట్రేషన్ నంబరు అడిగాడు. నాది వాహనం కాదు, పడవ అన్నాను. నంబరు వేయకపోతే కంప్యూటర్ ముందుకు వెళ్లదన్నాడు. పడవ నంబరు చెప్పాను. అది తీసుకోవడం లేదన్నాడు. ఇంట్లో స్కూటర్ ఉంటే దాని నంబరు చెప్పమన్నాడు! అరవై నాలుగేళ్ల మనిషిని, నా పంపు కోసం నా భార్య స్కూటర్ నంబరు ఇచ్చాను. రెండు రోజులకు మీ ద్విచక్ర వాహన విభాగం నుంచి ఒకరు ఫోను చేసి సర్వీసింగ్‌కు ఎప్పుడు తెస్తారని అడిగారు. విషయం చెప్పబోతుంటే అది తన విభాగం కాదని ఫోను పెట్టేశారు.

ఆగస్టు 28న ఈమెయిల్ వచ్చింది. ‘మీ సమస్య పరిష్కారమైనది’ అని ఉంది. పరిష్కారమైందని ఎవరు చెప్పారు? నన్ను ఎవరు అడిగారు? పంపు రాలేదని జవాబు రాస్తే, ఆ చిరునామాకు వచ్చే ఉత్తరాలు ఎవరూ చదవరని వెంటనే మరో మెయిల్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంపు ఆలస్యమైతే ఓర్చుకోగలను. సామాను దొరకలేదనో, మనిషి సెలవులో ఉన్నాడనో, పొరపాటు జరిగిందనో చెబితే అర్థం చేసుకుంటాను. ముప్పై ఏళ్లు ఇంజన్లతో బతికినవాణ్ని, విడిభాగం కోసం రేవులో నెల రోజులు ఆగిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ జరగని పనిని జరిగిందని రాసి తలుపు వేసేయడం నేను ఎక్కడా చూడలేదు.

సెప్టెంబరు 9న తెల్లవారుజామున సామర్లకోటలో రైలెక్కి మీ ఆఫీసుకు వచ్చాను. పది గంటలకు పేరు రాసి కూర్చున్నాను. మీ రిసెప్షన్ గోడ మీద ఐఎన్ఎస్‌వీ తారిణి ఫోటో పెద్దది ఉంది. నాలుగు గంటలు దాని కిందే కూర్చున్నాను కాబట్టి అది నాకు బాగా గుర్తుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి ఆరుగురు నౌకాదళ మహిళలు భూగోళం చుట్టి వచ్చిన పడవ అది. వారిలో విశాఖ అమ్మాయి స్వాతి ఉంది, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉంది. తిరుగు దారిలో చుక్కాని తిప్పే యంత్రం చెడిపోతే మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి, బాగు చేయించుకొని, 2018 మే 21న గోవా చేరారు. ఎంత గట్టి పడవైనా, ఎంత నేర్పున్న మనుషులైనా, మరమ్మతు చేసే చెయ్యి ఒడ్డున ఒకటి ఉండాలి. ఆ ఫోటో గోడకు పెట్టుకున్న మీకు ఆ సంగతి తెలియదా?

రెండు గంటలకు ఒక అధికారి బయటికి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. నేను చేతిలో పట్టుకున్న రసీదు వైపు చూడలేదు. ఇంజను పాతది కదండీ, కొత్తది వేసుకోండి, కొటేషన్ పంపిస్తాం అన్నాడు. నేను ఇంజను గురించి అడగలేదు, నా పంపు ఎక్కడుందని అడిగాను. పుణె పంపామని చెప్పాడు. అంతకు ముందు ఫోనులో చెన్నై అన్నారే అంటే, చెన్నై నుంచి పుణె వెళ్లి ఉంటుందన్నాడు. మర్నాడే ఆరు లక్షల చిల్లరకు కొత్త ఇంజను కొటేషన్ వచ్చింది. నాలుగున్నర నెలల్లో మీ సంస్థ నాకు ఆలస్యం లేకుండా పంపింది అదొక్కటే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మీ సర్వీసు కౌంటరులో కూర్చునే అమ్మాయి నా కోసం లోపలికి మూడుసార్లు వెళ్లి కనుక్కొని వచ్చింది. మంచినీళ్లు ఇచ్చింది. తన సొంత ఫోను నంబరు రాసి ఇచ్చింది. సెప్టెంబరు 30న కొరియర్ నంబరు పంపింది కూడా ఆమే. అందులో చూస్తే ఆ పార్సిల్ గుజరాత్‌లో ఎవరికో చేరినట్టు ఉంది, సంతకం కూడా ఉంది. ఆ మాట ఆమెకు చెబుదామని ఫోను చేస్తే తనను వేరే బ్రాంచికి మార్చారని చెప్పింది. నాకు సాయం చేసినందుకే మార్చారని నేను అనను. కానీ ఆమె వెళ్లాక మీ సంస్థలో నాతో మనిషిలా మాట్లాడినవాళ్లు లేరు.

అక్టోబరు చివరి వారం వచ్చింది. మా పూర్వీకులది కోరంగి. మా తాత తాళ్ళరేవులో తెరచాప ఓడలు కట్టిన వడ్రంగి. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు కొట్టుకుపోయిన కథ మా ఇంట్లో పిల్లలందరూ వింటూ పెరిగారు. వాయుగుండం అని రేడియోలో వినగానే మాకు పడవలు గుర్తొస్తాయి. అక్టోబరు 24న మీ వాట్సాప్ నంబరుకు రాశాను: ‘తుపాను వచ్చేలా ఉంది. నా పడవకు ఇంజను లేదు. పంపు ఎక్కడుందో చెప్పండి, మనిషిని పంపించి తెప్పించుకుంటాను.’ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. నలభై ఎనిమిది పని గంటల్లో స్పందిస్తామని ఒక యంత్రం జవాబిచ్చింది.

ఉప్పుటేరులో తెరచాపతో మలుపు తిరిగే చోటు లేదు. ఇంజను ఉంటే నేనొక్కణ్నే గంటలో పైకి, మడ చెట్ల చాటుకు తీసుకువెళ్లేవాణ్ని. 27 మధ్యాహ్నం, ఎవరి బోటు వాళ్లు కట్టుకోవడానికి చేతులు చాలని సమయంలో, ఒక వేట బోటు సరంగు నన్ను చూసి, ‘తాడు విసురు బాబాయ్, ముందు నీది లాగేద్దాం’ అన్నాడు. ఆయన బోటుకు ఇంకా సగం మోకులే కట్టి ఉన్నాయి. వానలో నా పడవను లాగి, ఆరు మోకులతో బిగించి, పాత లారీ టైర్లు వేలాడదీసి, అప్పుడు తన బోటు దగ్గరికి పోయాడు. 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. తెల్లవారి చూస్తే పక్క రెయిలింగు వంగిపోయి ఉంది, ఎడమ వైపు రెండు మూరల పొడవున ఫైబర్ చెక్కుకుపోయింది. పడవ మాత్రం నిలిచింది. ఆ సరంగు నా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఆయనకు నేను ఏనాడూ కస్టమర్‌ను కాను.

తుపానుకు మీరు కారణమని అనను. కానీ సముద్రం మీద, ఆపదలో పిలవడానికి ఓడల రేడియోలో ఉండే పదహారో ఛానల్లో ఎవరైనా పిలిస్తే, పేరు తెలియని ఓడ కూడా పలుకుతుంది. నాకు తెలిసిన రివాజు అది. సముద్రం మీద బతికేవాళ్లకు సామాను అమ్మే మీరు పలకలేదు. నవంబరు 3న మీ నుంచి వచ్చిన సందేశం ఏమిటో తెలుసా? మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని.

ఇప్పుడు నాకు సీళ్లు వద్దు, బేరింగులు వద్దు, మరమ్మతే వద్దు. నా పాత పంపు నాకు పంపండి. ఏ స్థితిలో ఉన్నా సరే. దాని కంచు ఒళ్లు బాగానే ఉంది. ఆ ఇంజనుకు అలాంటిది ఇప్పుడు బయట దొరకదు. మిగిలింది మా లేత్ మేస్త్రీ చూసుకుంటాడు. అది పోయి ఉంటే, పోయిందని మీ సంతకంతో ఒక కాగితం రాసివ్వండి. కట్టిన 4,800 వెనక్కి ఇవ్వండి.

డిసెంబరు 10 వరకు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోను చేయడంతో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే, జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. అప్పుడు పంపు ఒక్కటే అడగను. వంగిన రెయిలింగు, చెక్కుకుపోయిన ఫైబర్, పోయిన సీజను, అన్నీ అడుగుతాను. ఐదు ఫిర్యాదు నంబర్లు, కాల్ రికార్డులు, ‘పరిష్కారమైనది’ అన్న మెయిల్, గుజరాత్ సంతకం, అన్నీ అదే అట్ట ఫైలులో మీ బిల్లుల పక్కనే పెట్టాను. ఈ ఉత్తరం నకలు ఫిషింగ్ హార్బర్‌లో మంచు గోదాము గోడకు అంటిస్తాను. నేను మీ దగ్గరికి పంపిన పది మందీ రోజూ ఆ దారినే వెళ్తారు.

పంపు పంపేటప్పుడు దయచేసి చెక్క పెట్టెలోనే పెట్టండి. నేను చుట్టిన పాత చొక్కా ఇంకా ఉంటే దాన్నే చుట్టండి. చిరునామా వెనక పేజీలో ఉంది. ఫోను పగలూ రాత్రీ దగ్గరే ఉంటుంది, ఎవరు చేసినా నేను ఎత్తుతాను.

ఇట్లు,
‘గౌతమి’ యజమాని,
జగన్నాథపురం, కాకినాడ.