పాత ప్లాస్టిక్ రికార్డర్ల మరమ్మతుపై ఫిర్యాదు

హైదరాబాద్

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మరమ్మతుకిచ్చిన నాలుగు రికార్డర్లు (ఊదే వాద్యాలు) మరింత పాడై తిరిగి రావడం గురించి.

అయ్యా,

మా సంగీత పాఠశాల తరఫున మీ హైదరాబాద్ కేంద్రానికి ఒక బేకలైట్ (పాతకాలపు పెళుసైన ప్లాస్టిక్) ట్రెబుల్, మూడు ఏబీఎస్ (మరో రకం ప్లాస్టిక్) డెస్కాంట్ రికార్డర్లు ఇచ్చాం. ట్రెబుల్ అంటే పెద్దది, డెస్కాంట్ అంటే చిన్నది. జాబ్ కార్డులో రాయించింది జాయింట్లు బిగించడం, గాలిదారి శుభ్రం చేయడం, ట్రెబుల్ తలభాగంలో చీలిక అతికించడం. ఇప్పుడు ఒక్కటీ సరిగ్గా పలకడం లేదు.

పెద్ద నష్టం ఒక డెస్కాంట్‌కు జరిగింది. గాలిదారిలోంచి వచ్చే పల్చటి గాలి పొర ఎదురుగా ఉన్న పదునైన అంచుకు తగిలి ఊగితేనే స్వరం పుడుతుంది. ఆ అంచును మీవాళ్లు అసిటోన్‌తో తుడిచారు. అసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది. భూతద్దంలో చూస్తే అంచు మొద్దుబారి, దానిలో గుడ్డ పోగులు అతుక్కుపోయి కనిపిస్తున్నాయి. పై స్వరాలు ఊదితే బుసే వస్తోంది. అరగదీసి పదును పెడదామంటే కిటికీ (గాలిదారికీ అంచుకూ మధ్య ఉన్న ఖాళీ) పొడవు పెరిగి శ్రుతి మారిపోతుంది, కాబట్టి తలభాగం మార్చడం తప్ప దారి లేదు.

మిగతా రెండు డెస్కాంట్ల గాలిదారిలో తీగ పెట్టి గీకారు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి పది నిమిషాలు నాననిచ్చి, కడిగి, నీడలో ఆరబెడితే సరిపోయేది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, ఏబీఎస్ వంకరపోతుంది.

ఇక ట్రెబుల్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో డోల్మెచ్ సంస్థ తెచ్చిన బేకలైట్ రికార్డర్ అది. ఆ భాగాలు ఇప్పుడు కొత్తవి దొరకవు. చీలికలో సూపర్ గ్లూ పోశారు. దాని ఆవిరి గాలిదారిలో తెల్లటి పొరలా పేరుకుంది. పెళుసైన బేకలైట్‌కు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పట్టించి, పైన దారం చుట్టి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. పైగా జాయింట్‌కు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బలవంతంగా దూర్చడంతో అదే చీలిక మళ్లీ తెరుచుకుంది. నూలు దారం కొన్ని చుట్లు వేసి, పెట్టి చూసి, మళ్లీ వేసుకుంటూ పోవాలి. మెల్లగా తిప్పితే దిగాలి, పైకెత్తితే ఊడకూడదు, అంతే.

ఏది ఏ ప్లాస్టికో తెలుసుకోవడం కష్టమేం కాదు. బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్దితే బేకలైట్ ఘాటుగా ఫినాల్ వాసన వేస్తుంది, ఏబీఎస్ వేయదు.

మేం కోరేది: పాడైన డెస్కాంట్‌కు అదే మోడల్ తలభాగం ఇవ్వాలి. వేరే మోడల్‌ది పెడితే బోరు (లోపలి గొట్టం) కలవక శ్రుతి చెడుతుంది. గీతలు పడిన రెండిటికీ, ట్రెబుల్‌కూ తగిన నష్టపరిహారం చెల్లించాలి, మరమ్మతు సొమ్ము మొత్తం వాపసు ఇవ్వాలి. ట్రెబుల్‌ను మీరు మళ్లీ ముట్టుకోవద్దు, దాన్ని మేమే చూసుకుంటాం. ఇకపై ఏ రసాయనం, ఏ జిగురు వాడబోతున్నారో పని మొదలుపెట్టకముందే జాబ్ కార్డులో రాసి సంతకం తీసుకోండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. ఫొటోలు, జాబ్ కార్డు, బిల్లు నకళ్లు జతచేశాం.

ఇట్లు,
వాద్యాల నిర్వహణ విభాగం