అమ్మా, జున్నుని బోనులోకి నెట్టొద్దు

అమ్మా,

నిన్న వీడియో కాల్‌లో మీ కొత్త కుక్క జున్ను మంచం కింద దూరి ఎంత పిలిచినా రాకపోవడం చూసినప్పట్నుంచి నా మనసు అక్కడే ఉంది. ఫోన్‌లో చెప్తే నువ్వు సగం వింటావు, నాన్న సగం వింటాడు, ఈలోపు కుక్కర్ కూస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా, ఇద్దరూ కలిసి నిదానంగా చదవండి. ఇక్కడ అమెరికాలో, కొలంబస్‌లో రాత్రి 10 అయింది, మా కుక్క మిరియాలు నా కాళ్ళ దగ్గర పడుకుని ఉంది, అక్కడ నాన్న పేపర్ చదువుతూ ఉంటాడు ఈపాటికి.

ముందు ఒక మాట. మీరిద్దరూ చెన్నైలో జంతువుల్ని కాపాడే ఆ బ్లూక్రాస్ సంస్థకి వెళ్ళి జాతి కుక్కని కాకుండా మన వీధి పిల్లని తెచ్చుకున్నారని తెలిసి నాకు ఎంత సంతోషమేసిందో. చిన్నప్పుడు గిండీ మీదుగా బస్సులో వెళ్తుంటే నాన్న చెప్పేవాడు గుర్తుందా, కెప్టెన్ సుందరం గారు 1959లో ఈ బ్లూక్రాస్ పెట్టారు, వీధి కుక్కల్ని చంపడం తప్పు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలితే చాలు అని 1964లోనే ఆ పని మొదలుపెట్టారు అని. జున్ను చెవి కొసన ఉన్న చిన్న కోత కూడా అదే, ఆపరేషన్ అయిన గుర్తు, దెబ్బా కాదు జబ్బూ కాదు, పైనింటి ఆంటీ అడిగితే అలాగే చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. నాన్న ఆ క్రేట్, అదే కుక్క పడుకోవడానికి వాడే కమ్మీల పెట్టె, తెప్పించాడు, మొదటి రాత్రి జున్నుని ఎత్తి లోపల పెట్టి తలుపేశాడు, అది తెల్లారేదాకా ఏడ్చింది, నువ్వు "ఇది బోను, పాపం, తీసి పారేయ్" అంటున్నావు, నాన్న "అలవాటు కావాలి, అమెరికాలో అందరూ ఇలాగే చేస్తారంట" అంటున్నాడు. అమ్మా, నీ మనసుకి అనిపించింది తప్పు కాదు. స్వీడన్, ఫిన్లాండ్‌లో ఇంట్లో కుక్కని ఇలాంటి చిన్న బోనులో మూసిపెట్టి ఉంచడానికి చట్టమే ఒప్పుకోదు, ప్రయాణం లాంటి అవసరాలకి తప్ప. నాన్నా, మీరన్నదీ తప్పు కాదు, ఇక్కడ చాలా ఇళ్ళలో క్రేట్ ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఎత్తి లోపల పెట్టి తలుపెయ్యడం మాత్రం వద్దు. ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

మిరియాలుని తెచ్చిన మొదటి రాత్రి ఎవరో చెప్పారని దాన్ని క్రేట్‌లో పెట్టి, హాల్లో వదిలేసి, మేం బెడ్‌రూమ్ తలుపేసుకుని పడుకున్నాం. ఏడుస్తుంది, పట్టించుకోకండి, తెరిస్తే ఇంకా అలవాటు చేసుకుంటుంది అన్నారు. 2 గంటలు ఏడ్చింది, తర్వాత ఆగింది, పడుకుందనుకున్నాం. పొద్దున వెళ్ళి చూస్తే కింద పరుపంతా చొంగతో తడిసిపోయి ఉంది, కమ్మీలు గీకీ గీకీ ముందు కాలి గోరు ఒకటి విరిగి రక్తం కారుతోంది. అది ఆగింది నిద్రొచ్చి కాదమ్మా, ఇక ఎవరూ రారని. ఆ తర్వాత ఆ క్రేట్ ఉన్న గదిలోకి అడుగు పెట్టడానికే దానికి 3 వారాలు పట్టింది. ఇప్పటికీ ఆ పొద్దు తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

నీకు నెల్లూరు ఇల్లు గుర్తుందిగా, తాతయ్య నులక మంచం కింద ఎప్పుడూ ఒక కుక్క పడుకుని ఉండేది, ఎవరూ కట్టెయ్యలేదు, రమ్మని చెప్పలేదు, పైన మనిషి, పక్కన గోడ, దానికి నచ్చింది, వచ్చి పడుకుంది. వీధిలో కూడా చూడు, ఆగిన కారు కిందో, మెట్ల కిందో, ఏదో ఒక మరుగు చూసుకుని పడుకుంటాయి. జున్ను ఇప్పుడు నీ మంచం కింద దూరింది కూడా అందుకే. క్రేట్ దానికి ఆ మంచం కింద చోటు లాగా ఉండాలి, అంతే. రావడం పోవడం దాని ఇష్టం మీదే జరగాలి.

కాబట్టి ఇవాళే క్రేట్ తలుపు పూర్తిగా వెనక్కి తెరిచి గుడ్డతో కట్టేయండి, గాలికి కొట్టుకుని చప్పుడు కాకుండా, ఆ ఒక్క టంగుమన్న చప్పుడుకే అది మళ్ళీ వారం వెనక్కి పోతుంది. వంటింటి పక్కనుంచి కూడా తీసేయండి, కుక్కర్ కూసినప్పుడల్లా అది ఉలిక్కిపడటం నేను వీడియోలో చూశాను. హాల్లో టీవీ ఎదురు మూల బాగుంటుంది, మనుషులు కనిపిస్తారు, దాన్ని దాటుకుంటూ ఎవరూ నడవరు. రాత్రి మాత్రం మీ మంచం పక్కకి జరపండి, మొదటి వారం రెండు వారాలైనా. మీ ఊపిరి వినపడితే చాలు దానికి.

అన్నం క్రేట్ దగ్గర పెట్టు. మొదట గుమ్మం బయట, అది భయం లేకుండా తింటే రెండో రోజు గుమ్మం మీద, తర్వాత కొంచెం లోపల, ఆ తర్వాత వెనక గోడ దగ్గర. వెనక కాళ్ళు బయటపెట్టి మెడ మాత్రం సాచి తింటుందనుకో, అంటే ఇంకా నమ్మకం లేదు, గిన్నె రెండు జానలు ముందుకి లాగు. మధ్యమధ్యలో ఏ పనీ లేకుండా అటు వెళ్తూ ఉడికించిన గుడ్డు ముక్కో పనీర్ ముక్కో లోపల పడేసి వెళ్ళిపో, నిలబడి చూడొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. అది వెళ్ళి తినేసి బయటికొచ్చేస్తుంది, రానీ. (పాయసంలో కిస్మిస్ మాత్రం ఒక్కటి కూడా వద్దమ్మా, ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకి విషం.) పెరుగన్నం ఉప్పు లేకుండా చిన్న స్టీల్ గిన్నెలో నొక్కి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టాక లోపల పెట్టు, అరగంట నాకుతూ కూర్చుంటుంది, నాకుతుంటే కుక్కలకి మనసు కుదుటపడుతుంది, చెన్నై ఎండకి చల్లగానూ ఉంటుంది.

తనంతట తను లోపలికెళ్ళి ఒళ్ళు వాల్చి పడుకున్న రోజు చూసి అప్పుడు తలుపు సంగతి ఆలోచించండి. తినేటప్పుడు దగ్గరికి వేసి, తినడం అయ్యేలోపే తెరిచేయాలి. తర్వాత 10 సెకన్లు, నిమిషం, 5 నిమిషాలు, నాన్న పక్కనే కుర్చీలో పేపర్ చదువుకుంటూ కూర్చోవాలి. తర్వాత లేచి వంటింట్లోకెళ్ళి వచ్చేయాలి. ఏ రోజైనా కంగారు పడితే ముందురోజు ఎక్కడున్నారో అక్కడికి వెళ్ళిపోండి. ఇక్కడ షెల్టర్ వాళ్ళు కుక్కని ఇచ్చేటప్పుడు ఒక లెక్క చెప్తారు, 3 రోజులు బెదురు, 3 వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, 3 నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది అని. శాస్త్రం ఏం కాదు, కానీ తొందరపడకుండా ఉండటానికి నాకు బాగా పనికొచ్చింది. జున్ను వచ్చి ఇంకా 4 రోజులే.

రాత్రి ఏడిస్తే లేవండి. ఊరికే కుయ్ కుయ్ అని ఒక నిమిషంలో సద్దుకుంటే చెయ్యి కిందికి వేలాడేస్తే సరిపోతుంది, వాసన చూసి పడుకుంటుంది. ఆగకుండా ఏడిస్తే ముందు కిందికి తీసుకెళ్ళండి, ఒంటేలుకి అయ్యుండొచ్చు. అదే చొంగ కార్చడం, కమ్మీలు కొరకడం, ఒగర్చడం మొదలెడితే అది మారాం కాదు, భయం, అప్పుడు ఆ క్రేట్ మడిచి అటక మీద పెట్టేయండి నాన్నా, డబ్బులు పోయాయని చూడొద్దు. కొన్ని కుక్కలకి మూసిన చోటు పడదు, వాటికి గుమ్మానికి చిన్న గేటు పెట్టి ఒక గది ఇస్తే హాయిగా ఉంటాయి. పగలు కూడా 4 గంటలు దాటి మూసి ఉంచే పని పెట్టుకోకండి. కోప్పడి లోపలికి పంపడం ఎప్పుడూ వద్దు.

ఇంకో రెండు మర్చిపోకూడనివి. లోపల ఉన్నప్పుడు మెడ పట్టీ తీసేయాలి, ఆ బిళ్ళ కమ్మీలో ఇరుక్కుంటే మెడకి ఉరి పడుతుంది. రెండోది ఎండ. ఇక్కడి వాళ్ళు చెప్పే సలహాలు చలి దేశం సలహాలు, చుట్టూ దుప్పటి కప్పమంటారు, మెత్తటి పరుపెయ్యమంటారు, మేలో చెన్నైలో అలా చేస్తే ప్రాణం మీదికొస్తుంది. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చే వేడి తగ్గించుకుంటాయి, దానికి గాలి ఆడాలి. పైన, వెనక పల్చటి నూలు దుప్పటి చాలు, రెండు పక్కలా తెరిచే ఉండనీ, ఫ్యాన్ గాలి తగిలేట్టు పెట్టండి, బాల్కనీలో అస్సలు వద్దు. కింద పరుపు తోసేసి ఉత్త ట్రే మీద పడుకుంటే పడుకోనీ, చల్లగా ఉందని. కరెంట్ పోతే ముందు తలుపు తెరవండి. 36 అంగుళాల క్రేట్ దానికి సరిపోతుంది, నిలబడి తల ఎత్తి చుట్టూ తిరగ్గలిగితే చాలు.

దీపావళికి ఇంకా టైముంది. ఆలోపు దానికి ఆ మూల నచ్చితే టపాకాయలు కాల్చే మూడు రోజులూ దూరి కూర్చోవడానికి ఒక చోటంటూ ఉంటుంది, నాకు అన్నిటికంటే దాని గురించే ఆత్రంగా ఉంది. అప్పుడు కూడా తలుపు తెరిచే ఉంచాలి. రేబిస్ ఇంజక్షన్ చీటీ భద్రంగా పెట్టండి, కార్పొరేషన్ లైసెన్స్‌కి అడుగుతారు.

మీ అల్లుడు ఇంకో మాట రాయమంటున్నాడు, నువ్వు కట్టి విడిచిన నూలు చీర ఒకటి, ఉతక్కుండా, మడిచి లోపల వెయ్యమని. ఆ ఆకుపచ్చ చుక్కల చీర ఉందిగా, అంచు చిరిగిందన్నావు, అది వెయ్యి. నేను వచ్చేటప్పుడు నువ్వు పాత చీరలతో కుట్టిచ్చిన బొంత ఇప్పుడు మిరియాలు క్రేట్‌లోనే ఉంది, దాని మీద తప్ప పడుకోదు.

ఇవాళ రాత్రి క్రేట్ తలుపు తెరిచి కట్టేసిన ఫోటో తీసి పంపు. జున్ను మంచం కిందే ఉన్నా పర్లేదు, లాగొద్దు.

నీ చిట్టి