ఆడపిల్లలకు అవకాశం స్కోరును బట్టి ఇవ్వండి

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్లలో ఆడిన అమ్మాయిల గురించి మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసాన్నీ, దాని మీద పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ఒకే మాట అన్నారు. గెలవలేని చోటికి ఆ పిల్ల ఎందుకు వెళ్లాలి, ఆమె వల్ల ఒక మగ ఆటగాడికి చోటు పోయింది కదా అని. నేను ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గోల్ఫ్ నేను ఆడలేదు, పిల్లలకు నేర్పలేదు. అయినా ఆ మాట నాకు కొత్త కాదు. హనుమకొండలోనూ, వరంగల్‌లోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ వేరే ఆటల విషయంలో మైదానాల గట్ల మీద ఎన్నోసార్లు విన్నదే. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఈ చర్చలో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు అమెరికా గోల్ఫ్ క్రీడాకారిణి మిషెల్ వీ. 2004 జనవరిలో హవాయిలో జరిగిన సోనీ ఓపెన్ అనే మగవాళ్ల టోర్నమెంటులో ఆడేనాటికి ఆమె వయసు 14 ఏళ్లు. గోల్ఫ్ టోర్నమెంటు సాధారణంగా నాలుగు రోజులు సాగుతుంది, రోజుకు 18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన 18 గుంతలు. బంతిని కొట్టిన ప్రతి దెబ్బ ఒక స్ట్రోకు, అవి ఎంత తక్కువైతే అంత మంచిది. మొదటి రెండు రోజుల స్ట్రోకులు కూడి, ముందున్న సుమారు 70 మందినే చివరి రెండు రోజులకు ఉంచేవారు. తక్కినవారు ఇంటికి వెళ్లాల్సిందే. దాన్నే కట్ అంటారు. వీ మొదటి రోజు 72, రెండో రోజు 68 స్ట్రోకుల్లో ఆట ముగించింది, మొత్తం 140. ఆ వారం కట్ 139 దగ్గర ఆగింది. మన దగ్గరైతే తొమ్మిదో తరగతి చదివే వయసున్న పిల్ల, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల మధ్య, ఒక్క స్ట్రోకుతో ఆగిపోయింది. ఆమె కంటే ఎక్కువ స్ట్రోకులు తీసుకుని అదే సాయంత్రం ఇంటిదారి పట్టిన మగ ప్రొఫెషనల్స్ కూడా ఉన్నారు. వారిని ఎందుకు వచ్చారని ఎవరూ అడగలేదు.

ఆ 140 విలువ తెలియాలంటే అది ఎక్కడి నుంచి కొట్టినదో తెలియాలి. మగవాళ్ల టోర్నమెంటులో అమ్మాయి ఆడుతోందని టీలు, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట్లు, ముందుకు జరపరు. అక్కడి కోర్సు పొడవు 7,000 గజాలకు పైమాటే. మహిళల టూర్‌లో సాధారణంగా 6,500 గజాల అటూ ఇటూ ఉంటుంది. ఒక్క హోల్‌నే తీసుకుని చూద్దాం. 450 గజాల పార్ 4 హోల్‌లో, అంటే నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్‌లో, మగ ఆటగాడు మొదటి దెబ్బకే 300 గజాలు కొడితే, మిగిలిన 150 గజాలకు చిన్న ఐరన్ (ఇనుప తల ఉన్న కర్ర) అందుకుంటాడు. ఆ బంతి బాగా పైకి లేచి, గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, నిటారుగా దిగి, పడ్డచోటే ఆగుతుంది. 250 గజాలు కొట్టే అమ్మాయికి అదే హోల్‌లో ఇంకా 200 గజాలు మిగిలి ఉంటాయి. అంత దూరానికి వాడే పొడుగు ఐరన్ కొట్టిన బంతి ఎత్తు తక్కువగా వచ్చి, గ్రీన్ మీద పడి దొర్లుకుంటూ వెనకవైపు గడ్డిలోకి పోయే ప్రమాదం ఎక్కువ. అక్కడి నుంచి బంతిని గ్రీన్ మీదికి చిన్నగా లేపి (చిప్), ఒకే దొర్లింపు దెబ్బతో (పట్) హోల్‌లో వేస్తే తప్ప పార్ దక్కదు. హోల్ తర్వాత హోల్ రోజంతా ఇదే పరీక్ష. వీ అప్పటికే డ్రైవర్ అనే పొడవాటి కర్రతో 280 గజాల దాకా కొట్టగలిగేది కనుక ఆ తేడా కొంత తగ్గింది గానీ పోలేదు. 2014లో పైన్‌హర్స్ట్‌లోని ఒకే కోర్సు మీద ఒక వారం పురుషుల యూఎస్ ఓపెన్, మరుసటి వారం మహిళల యూఎస్ ఓపెన్ నిర్వహించినప్పుడు, ఇద్దరూ గ్రీన్‌కు దాదాపు ఒకే రకం ఐరన్లతో కొట్టేలా మహిళలకు సుమారు 900 గజాలు తగ్గించారు. ఆ మహిళల టైటిల్ గెలిచింది మిషెల్ వీయే.

ఇక చోటు పోయిందనే మాట. ఇందులో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. అమెరికాలో మగవాళ్ల ప్రధాన టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ నిబంధనల్లో ఆడవాళ్లు ఆడకూడదని లేదు. అయితే వీ సోనీ ఓపెన్‌లో ఆడింది నిర్వాహకుల ఆహ్వానం మీద. చాలా టోర్నమెంట్లలో ఇలాంటి ఆహ్వానాలు కొన్ని ఉంటాయి, వాటిని ఎక్కువగా మగ ఆటగాళ్లకే ఇస్తారు కనుక ఆమె నియమం తప్పిందేమీ లేదు. నా బాధ వేరే. ఆహ్వానం ఇచ్చేవారు ఆ పిల్ల ఆట ఎలా ఎదుగుతుందని చూడరు, జనం వస్తారా అని చూస్తారు. 2005 అక్టోబరులో, 16 ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, ఆమె ప్రొఫెషనల్‌గా మారింది. పెద్ద కంపెనీలతో ఒప్పందాలు కుదిరాయి, ఆహ్వానాలు వస్తూనే ఉన్నాయి. 2006 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోనూ, ఆ వెంటనే అమెరికాలోనూ మగవాళ్ల టోర్నమెంట్లలో ఆడి అట్టడుగున నిలిచింది. 2007లో మణికట్టు గాయాలయ్యాయి, అవి పూర్తిగా మానకముందే మళ్లీ కోర్సు మీదికి వచ్చింది. ఆ ఏళ్లలో ఆమెను తప్పుపట్టినవారు, ఆమె చుట్టూ ఉన్న పెద్దలను కూడా అంతే గట్టిగా ప్రశ్నించి ఉంటే బాగుండేది.

ఆమె ప్రయత్నాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది చాలామందికి గుర్తు కూడా లేదు. 2006లో పురుషుల యూఎస్ ఓపెన్ కోసం హవాయిలో జరిగిన స్థానిక అర్హత పోటీలో ఆమె మగవాళ్ల మధ్య మొదటి స్థానంలో నిలిచి తర్వాతి దశకు వెళ్లింది. న్యూజెర్సీలో ఒకే రోజు 36 హోల్స్ ఆడాల్సిన ఆ దశలో ఆగిపోయింది. అక్కడికి ఆమెను ఎవరూ ఆహ్వానించలేదు, ఎవరి దయా లేదు. స్కోరు ఉన్నంత దూరం వెళ్లింది, చాలనప్పుడు వెనక్కి వచ్చింది. ఆడపిల్ల పురుషుల పోటీలోకి వెళ్లే దారి ఇలా ఉండాలని నా నమ్మకం. 2002లో అమెరికాలోనే సూజీ వేలీ అనే క్రీడాకారిణి ఒక ప్రాంతీయ పోటీ గెలిచి పీజీఏ టూర్ టోర్నమెంటుకు అర్హత సాధించినప్పుడు, అర్హత పోటీలో ఆమె ముందుకు జరిపిన టీల నుంచి ఆడిందని అభ్యంతరం వచ్చింది. ఆ అభ్యంతరం సరైనదే. ఒకే పోటీ అయినప్పుడు అందరికీ టీ ఒకటే కావాలి.

బలమైనవారితో ఆడితే అమ్మాయి మనసు విరిగిపోతుందని కూడా ఒక పాఠకుడు రాశారు. 2003 మేలో స్వీడన్ గోల్ఫ్ క్రీడాకారిణి అనికా సోరెన్‌స్టామ్ అమెరికాలోని కొలోనియల్ టోర్నమెంటులో మగవాళ్లతో ఆడి నాలుగు స్ట్రోకుల తేడాతో కట్ తప్పింది. మరుసటి వారమే మహిళల టూర్‌లో టైటిల్ గెలిచింది, అదే ఏడాది రెండు మేజర్ (అన్నిటికంటే పెద్ద పోటీల) టైటిళ్లూ గెలిచింది. కొరియాలో సే రీ పాక్ 2003లో, మిషెల్ వీ 2006లో మగవాళ్ల టోర్నమెంట్లలో కట్ దాటారు కూడా.

మన దగ్గరి సంగతికి వస్తాను. మా కాలనీకి దగ్గర్లోని మైదానంలో పొద్దున పూట క్రికెట్ నెట్స్ వేస్తారు. అక్కడ 13 ఏళ్ల పిల్ల ఒకతె అబ్బాయిలతో కలిసి లెగ్ స్పిన్ వేసేది. తనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు ముందుకు అడుగేసి ఆడబోతే బంతి తిరిగి ప్యాడ్‌కు తగలడం నేను నిలబడి చూశాను. కొన్నాళ్లకు శిక్షకులు ఆమె తల్లిని పిలిచి, పిల్ల పెద్దదవుతోంది, వచ్చే నెల నుంచి ఆడపిల్లల బ్యాచ్‌కు పంపండి అన్నారు. ఆ బ్యాచ్‌లో ఉన్నది నలుగురు, అందులో ఇద్దరు బ్యాటు పట్టడం అప్పుడే నేర్చుకుంటున్నారు. "ఆడ నా బాల్ ఆడేటోళ్లు ఎవరున్నరు టీచర్" అని ఆ పిల్ల అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆమెను పంపేయడానికి ముందు ఆమె ఎన్ని వికెట్లు తీసిందో, ఎన్ని పరుగులు ఇచ్చిందో ఎవరూ లెక్క చూడలేదు. భద్రత గురించి తల్లిదండ్రులకు ఉండే దిగులు నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆ దిగులుకు మందు మైదానంలో ఒక మహిళా శిక్షకురాలు, బట్టలు మార్చుకోవడానికి గది, వాడుకోగలిగే మరుగుదొడ్డి. ఆటలోంచి తీసేయడం కాదు.

బాక్సర్ నిఖత్ జరీన్ మన నిజామాబాద్ బిడ్డ. అక్కడి రింగులో అమ్మాయిలు లేని రోజుల్లో అబ్బాయిలతోనే సాధన చేసి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యింది. కోనేరు హంపి 1999లో ఆసియా స్థాయి చదరంగం పోటీల్లో అండర్-12 బాలుర విభాగంలో ఆడి గెలిచింది. చదరంగంలో దేహబలం లెక్కలోకి రాదు, బాక్సింగ్‌లో పోటీ మళ్లీ ఆడవాళ్ల మధ్యే జరుగుతుంది కనుక ఈ ఉదాహరణలు గోల్ఫ్‌కు అచ్చంగా సరిపోవని తెలుసు. కానీ ఆడుకునే వయసులో గట్టి ప్రత్యర్థి దొరకడం ఎంత అవసరమో ఇద్దరి ఆటలోనూ కనిపిస్తుంది.

అందువల్ల జిల్లా క్రీడాధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. శిక్షణ శిబిరాల్లో, నెట్స్‌లో, సాధన మ్యాచ్‌లలో అమ్మాయికి తగిన ప్రత్యర్థులు ఆడపిల్లల బ్యాచ్‌లో లేనప్పుడు, ఆమె ఇష్టపడి, తల్లిదండ్రులు ఒప్పుకుంటే అబ్బాయిలతో ఆడే వీలు కల్పించండి. ఆ నిర్ణయం మైదానంలో రాసిపెట్టిన స్కోరును చూసి తీసుకోండి, ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి. ఆమె వెనకబడితే ఆ మాట ఆమెకే నేరుగా చెప్పండి. దీని అర్థం ఆడపిల్లల బ్యాచ్‌ను వదిలేయమని కాదు. దానికి బంతులు, ప్యాడ్లు, శిక్షకురాలు అబ్బాయిల బ్యాచ్‌తో సమానంగా ఇవ్వాలి. మీ పత్రికకూ ఒక మాట. బాలికల జిల్లా పోటీలు జరిగినప్పుడు బహుమతులు ఇచ్చిన అతిథుల ఫొటో ఒక్కటే వేసి ఊరుకోకుండా, ఎవరు ఎన్ని పరుగులు చేశారో, ఎవరు ఎన్ని వికెట్లు తీశారో, ఎవరు ఎంత సమయంలో పరుగెత్తారో బాలుర పోటీలకు వేసినట్టే పూర్తిగా ప్రచురించండి. శిక్షకులూ తల్లిదండ్రులూ చూసి నిర్ణయించుకోవడానికి ఆ అంకెలు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
హనుమకొండ